ఎక్కడ ఆగిందో చెప్పని మాట

పని ఆగిపోవడానికీ, ఆలస్యం కావడానికీ, సగం దాకా వచ్చి వెనక్కి మళ్లడానికీ ఇంగ్లిష్‌లో ఉన్న మాటలు ఒకటీ రెండూ కావు. పెండింగ్, స్టే, అడ్జర్న్‌మెంట్, అబేయన్స్, అరియర్స్, బ్యాక్‌లాగ్, ల్యాప్స్, సెట్‌బ్యాక్, హర్డిల్, గ్లిచ్ వంటివి వాటిలో కొన్ని. వీటిలో చాలావరకు తెలుగు కార్యాలయాల్లోకి, పత్రికల్లోకి, అక్కడి నుంచి జనం నోళ్లలోకి వచ్చి చేరాయి. పైకి ఒకే కుటుంబానికి చెందినట్టు కనిపించినా వీటి మధ్య తేడాలు నిశితమైనవి: పనిని ఆపింది ఎవరు, ఎంతకాలానికి ఆపారు, ఆపినదాన్ని ప్రశ్నించడానికి బాధితుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి అనే మూడు సంగతులను ఒక్కో మాట ఒక్కో తీరుగా పట్టి ఇస్తుంది. ఇంగ్లిష్ చట్టభాష ఈ తేడాలను జాగ్రత్తగా కాపాడుకుంటూ రాగా, ఆ మాటలను అరువు తెచ్చుకున్న మన పాలనా వ్యవహారం వాటిలో చాలావాటిని ‘పెండింగ్’ అన్న ఒక్క మాటలోకి కుదించివేసింది. ఆ కుదింపు వల్ల ఎవరు ఏమి కోల్పోతున్నారో తెలియాలంటే రాజధాని కార్యాలయాలను కాక, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ వంటి ఏజెన్సీ మండలాన్ని చూడాలి.

జైనూర్ షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద గిరిజనుల భూమికి, పాలనకు ప్రత్యేక రక్షణలు వర్తించే ప్రాంతం. ఇక్కడి గూడేల్లో, తండాల్లో, సంతలో గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు వినిపిస్తాయి. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలుగా విడిపోయినప్పుడు జైనూర్‌కు జిల్లా కేంద్రం ఆసిఫాబాద్ అయింది గాని, గిరిజన సంక్షేమానికి సంబంధించిన సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, అందరూ ఐటీడీఏ అని పిలిచేది, ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరులోనే ఉండిపోయింది. కాబట్టి ఇక్కడి దరఖాస్తు మండల కార్యాలయంలో మొదలై, పనిని బట్టి ఉట్నూరుకో ఆసిఫాబాద్‌కో పోయి, కొన్నిసార్లు హైదరాబాద్ దాకా ప్రయాణిస్తుంది; దాని సంగతి అడిగిన మనిషికి మాత్రం మొదటి మెట్టు దగ్గర నిలబడి వినే జవాబు తప్ప వేరే సమాచారం అందదు. ఆ జవాబు ఏ మాటలో వస్తుందన్నది అందుకే అంత ముఖ్యమవుతుంది.

వేలాడే ఫైలు

పెండింగ్ అనే మాటకు మూలమైన లాటిన్ ధాతువుకు వేలాడడం అని అర్థం. గడియారపు లోలకాన్ని పెండ్యులం అనడం, మెడలో వేలాడే పతకాన్ని పెండెంట్ అనడం అక్కడి నుంచి వచ్చినవే. నిర్ణయం ఇంకా వెలువడలేదు, వెలువడేదాకా విషయం వేలాడుతూ ఉంటుందన్నది చట్టభాషలో దీని భావం. కోర్టులో వ్యాజ్యం పెండింగ్‌లో ఉందంటే దానికి ఒక సంఖ్య, ఒక న్యాయస్థానం, తరువాతి విచారణకు ఒక తేదీ ఉన్నట్టు లెక్క. మండల కార్యాలయంలో అదే మాటకు ఈ హంగులేవీ ఉండవు. సర్వే చేయవలసిన ఉద్యోగి రాకపోయినా, పై అధికారి సంతకం పెట్టకపోయినా, నిధులు విడుదల కాకపోయినా, దరఖాస్తును ఎప్పుడో తిరస్కరించి ఆ మాట చెప్పకపోయినా, వీటన్నిటికీ దొరికే జవాబు ‘పెండింగ్‌ల ఉన్నది’ అనే. నాలుగు వేరు వేరు కారణాలకు నాలుగు వేరు వేరు పరిష్కారాలు ఉన్నప్పుడు, నాలుగింటికీ ఒకే పేరు పెట్టడమంటే పరిష్కారానికి పోయే దారిని మూసివేయడమే.

భూమి విషయంలో ఈ మాట మరో రూపం ఎత్తింది. 2017 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం భూరికార్డుల ప్రక్షాళన చేపట్టినప్పుడు వివాదం లేని భూములను పార్ట్-ఎ, ఏదో ఒక అభ్యంతరం ఉన్నవాటిని పార్ట్-బి అని రెండుగా విభజించారు. అధికారుల ఉద్దేశంలో పార్ట్-బి అనేది తరువాత తేల్చవలసిన వాటికి తాత్కాలికంగా పెట్టుకున్న గుర్తు. కాని ఆ జాబితాలోకి వెళ్లిన భూమికి పట్టాదారు పాసుపుస్తకం రాలేదు. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు సాయం పాసుపుస్తకంతో ముడిపడి ఉండడం వల్ల అదీ అందలేదు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చాక ఆ చిక్కు కంప్యూటర్‌లోకి చేరి మరింత బిగుసుకుంది. రైతుల మాటల్లో ‘మా భూమి పార్ట్-బిల వడ్డది’ అనే వాక్యం పుట్టింది అప్పుడే. ఒక అక్షరం రైతుకు ఎదురైన అడ్డంకికి పేరుగా స్థిరపడడం తెలంగాణ పాలనా భాష చరిత్రలో నమోదు చేయదగిన సంగతి. ఆ అక్షరం వెనుక కారణమేమిటో రైతుకు రాసి ఇచ్చి ఉంటే ఇన్ని వేల కుటుంబాలు ఇన్నేళ్లు తిరగవలసి వచ్చేది కాదు.

పేషీ, వాయిదా, స్టే

ఇంగ్లిష్ మాటలు రాకముందు ఇక్కడి దఫ్తరు భాష ఉర్దూ. నిజాం పాలనలో ఆదిలాబాద్ గిరిజనులకు ప్రభుత్వం ఎదురైంది ఆ భాషలోనే. దరఖాస్తు, మంజూరు, బకాయి, తకరారు, ముల్తవీ, పేషీ, ఫైసలా అన్నవి ఆనాటి నుంచి వచ్చిన మాటలే. పేషీ అంటే ఎదుట హాజరు కావడం. ముల్తవీ అంటే ఆపి ఉంచడం. వీటిలో వాయిదా కథ ప్రత్యేకమైనది. దానికి మూలమైన అరబ్బీ పదానికి మాట ఇవ్వడం, వాగ్దానం అని అర్థం. ఫలానా రోజున తేలుస్తామని ఇచ్చిన మాట కాలక్రమంలో తేల్చకుండా మరో రోజుకు నెట్టడమైంది. ఇంగ్లిష్ అడ్జర్న్‌మెంట్ కూడా ఇంచుమించు ఇలాంటిదే: ఫ్రెంచిలో రోజుకు పేరైన మాట నుంచి పుట్టిన ఆ పదానికి ఒక రోజును నిర్ణయించడం అన్నది తొలి అర్థం. అంటే రెండు భాషల్లోనూ విచారణను ఆపే మాటలోనే మళ్లీ ఎప్పుడన్న సమాచారం ఇమిడి ఉంది. తేదీ లేని వాయిదాకు ఆ పేరు చెల్లదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం విచారణ దశలో ఒక పక్షానికి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వరాదన్న నియమం ఉంది. అది ఎంతవరకు అమలవుతోందన్నది వేరే చర్చ గాని, నియమం ఉండడం వల్లనే వాయిదాలను లెక్కపెట్టడం సాధ్యమవుతోంది. పెండింగ్‌ను అలా లెక్కపెట్టే వీలు లేదు.

స్టే అంటే పై న్యాయస్థానం గాని అధికారి గాని ఒక ఉత్తర్వు అమలును మధ్యలో నిలిపివేయడం. ఇది ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి వరమూ అవుతుంది, శాపమూ అవుతుంది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల దరఖాస్తులు తిరస్కరణకు గురైన కుటుంబాలను అడవుల నుంచి ఖాళీ చేయించాలని పలు రాష్ట్రాలకు ఆదేశించింది. దేశమంతటా ఆందోళన రేగడంతో, కేంద్రం కోరిక మీద, అదే నెల 28న తన ఆదేశాన్ని తానే తాత్కాలికంగా నిలిపివేసింది. లక్షల కుటుంబాలు ఆ నిలిపివేత వల్ల బతికి బట్టకట్టాయి. మరోవైపు, 1959 నాటి భూబదలాయింపు నిబంధన ప్రకారం, దాన్ని మరింత గట్టిపరచిన 1970 నాటి ఒకటో నంబరు సవరణ ప్రకారం, అంటే జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే చట్టం ప్రకారం, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడి చేతికి పోవడం చెల్లదు; అలా పోయినదాన్ని తిరిగి ఇప్పించాలని ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్ తీర్పు చెప్పినా, పైన స్టే వచ్చిందంటే భూమి ఎవరి స్వాధీనంలో ఉందో వారి దగ్గరే ఉంటుంది. స్టే ఎంతకాలం నిలవాలన్నదాని మీద సుప్రీంకోర్టులోనే అభిప్రాయం మారింది: విచారణలను ఆపే స్టేలు ఆరు నెలలు దాటితే వాటంతట అవే రద్దవుతాయని 2018లో ఒక ధర్మాసనం చెప్పగా, అలాంటి గంపగుత్త గడువు చెల్లదని 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అందుచేత ‘స్టే ఉన్నది’ అని విన్న గిరిజన రైతు తెలుసుకోవలసినది ఇంకా చాలా ఉంది: ఆ స్టే ఇచ్చింది ఏ కోర్టు, ఏ తేదీన, తరువాతి విచారణ ఎప్పుడు, దాన్ని ఎత్తివేయాలని ప్రభుత్వ న్యాయవాది పిటిషన్ వేశారా లేదా.

ఈ వరుసలో తెలుగువారికి తక్కువ పరిచయం ఉన్న మాట అబేయన్స్. అయినా ఇటీవల ఈ జిల్లా మీద దాని నీడ పడినంతగా మరే మాట నీడా పడలేదు. కవ్వాల్, తాడోబా పులుల అభయారణ్యాలను కలిపే దారిగా ఆసిఫాబాద్ జిల్లాలోని విశాల అటవీ ప్రాంతాన్ని కుమురం భీం పేరుతో సంరక్షణ కేంద్రంగా ప్రకటిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 మే 30న జీవో 49 జారీ చేసింది. తమ భూములకు, అడవిలో చేసుకునే పోడు సాగుకు ఎసరు వస్తుందని ఆదివాసీ సంఘాలు ఉద్యమించి బంద్‌కు పిలుపునివ్వడంతో జులై 21న ప్రభుత్వం దాన్ని అబేయన్స్‌లో పెట్టింది. పత్రికలు దీన్ని ‘నిలిపివేత’ అని రాశాయి, ఊళ్లలో కొందరు ‘రద్దు’ అని చెప్పుకున్నారు. చట్టం దృష్టిలో రద్దు వేరు, అబేయన్స్ వేరు. రద్దయిన ఉత్తర్వును మళ్లీ తేవాలంటే కొత్త ఉత్తర్వు కావాలి, కొత్త కారణాలు చూపాలి. అబేయన్స్‌లో ఉన్నది అమలులో లేదు, కాని బతికే ఉంది, ఒక చిన్న మెమోతో లేచి రాగలదు. పాత ఫ్రెంచిలో ఈ మాటకు నోరు తెరుచుకుని ఎదురుచూడడం అన్నది మూలార్థం. మధ్యయుగపు ఇంగ్లిష్ భూచట్టంలో హక్కుదారు ఎవరో తేలని భూమి అబేయన్స్‌లో ఉందనేవారు. ఆదివాసీ సంఘాలు నిలిపివేతతో తృప్తి పడకుండా పూర్తి రద్దును కోరడం ఈ తేడా వారికి బాగా అర్థమైనందువల్లనే, అది సరైన పట్టు కూడా.

మార్లవాయి నేర్పిన సంగతి

కార్యాలయ భాషకూ గిరిజనుడి భాషకూ మధ్య ఉన్న దూరం భూమి పోవడానికి ఒక కారణమని ఎనభై ఏళ్ల కిందటే గుర్తించిన ఊరు జైనూర్ మండలంలోనే ఉంది. 1940లో జోడేఘాట్ గుట్టల్లో కుమురం భీం పోరాటాన్ని అణచివేసిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను నియోగించింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య ఉన్నారు. తరతరాలుగా దున్నుకుంటున్న నేల రిజర్వు అడవిగానో ఇతరుల పట్టాగానో మారిపోతుంటే, ఆ సంగతి తెలిపే కాగితాన్ని చదివే మనిషి గూడెంలో లేకపోవడం ఆయన దృష్టికి వచ్చింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. చదువు నేర్చిన యువకులు బడిపంతుళ్లుగా, మరికొందరు పట్వారీలుగా, అటవీ శాఖ చిరుద్యోగులుగా చేరారు. లావణి పట్టాల పేరిట గిరిజనులకు భూములు ఇచ్చిన ఆ కాలంలోనే, ఇచ్చిన పట్టాను నిలుపుకోవాలంటే దఫ్తరులో గోండి తెలిసిన మనిషి ఉండాలన్న ఎరుక కూడా పనిచేసింది. 1987 జనవరి 11న మరణించిన బెట్టీ సమాధి, తరువాత హైమన్‌డార్ఫ్ అస్థికలు ఉంచిన చోటు మార్లవాయిలోనే ఉన్నాయి. ఏటా ఆ రోజున ఆదివాసీలు అక్కడ నివాళి అర్పిస్తారు. ఉర్దూ స్థానంలో తెలుగు, తెలుగు ముసుగులో ఇంగ్లిష్ వచ్చాయి తప్ప, ఆనాడు గుర్తించిన దూరం ఇప్పటికీ తగ్గలేదన్నది చేదు నిజం.

దానికి గట్టి రుజువు పోడు దరఖాస్తులే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమిని సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్లకు మించకుండా హక్కు పత్రం ఇవ్వాలి. దరఖాస్తును గ్రామసభ పరిశీలించి తీర్మానించాక అది సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, ఆపైన కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి వెళుతుంది. తెలంగాణలో 2021 నవంబరులో కొత్తగా దరఖాస్తులు తీసుకుని, 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే నాటి ముఖ్యమంత్రి చేతుల మీదుగా పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 4 లక్షల ఎకరాలకు పట్టాలు ఇస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. పట్టా అందినవారి సంగతి సరే. అందనివారికి ఏమి చెప్పారన్నది ఇక్కడి ప్రశ్న.

చట్టం కింది నియమాలను 2012లో సవరించినప్పుడు ఈ విషయంలో చాలా స్పష్టత తెచ్చారు. దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలు రాసి దరఖాస్తుదారుకు స్వయంగా తెలియజేయాలి. తెలియజేసిన నాటి నుంచి 60 రోజుల్లో పై కమిటీకి విన్నవించుకునే హక్కు అతనికి ఉంది, ఆ గడువును మరో 30 రోజులు పెంచవచ్చు. గ్రామసభ తీర్మానంలో లోటు కనిపిస్తే వెంటనే తిరస్కరించకుండా పునఃపరిశీలనకు గ్రామసభకే తిప్పి పంపాలి. చట్టభాషలో దీన్ని రిమాండ్ అంటారు, నిందితుడిని జైలుకు పంపే రిమాండ్‌తో దీనికి సంబంధం లేదు. అంటే తిరస్కారానికి ఒక తలుపు, రిమాండ్‌కు ఇంకో తలుపు చట్టమే తెరిచి పెట్టింది. ‘పెండింగ్’ అన్న జవాబుకు ఏ తలుపూ లేదు. తిరస్కరించినదాన్ని తిరస్కరించామని చెప్పకపోతే 60 రోజుల గడువు మొదలే కాదు, అప్పీలుకు ఆధారమైన కాగితమే చేతికి రాదు. ఆ మనిషి ఏటా వానాకాలంలో అటవీ సిబ్బంది కందకాలు తవ్వుతారేమోనన్న భయంతోనే విత్తనం వేస్తాడు. మాట సరిగా చెప్పకపోవడం ఇక్కడ మర్యాద లోపం కాదు. చట్టం ఇచ్చిన హక్కును లాగేసుకోవడం.

మౌనానికి అర్థం ఎవరు నిర్ణయిస్తారు

గడువు దాటినా అధికారి ఏమీ చెప్పకపోతే ఆ మౌనాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చట్టమే చెప్పగలదు. 2014 నాటి టీఎస్ ఐపాస్ చట్టంలో పరిశ్రమ పెట్టేవారికి నిర్ణీత గడువులో జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే భావించాలన్నారు; పట్టణాల్లో ఇల్లు కట్టేవారికి 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం 21 రోజుల గడువుతో అదే వెసులుబాటు ఇచ్చింది. దీన్ని డీమ్డ్ అప్రూవల్ అంటారు. సమాచార హక్కు చట్టంలో 30 రోజుల్లో జవాబు రాకపోతే తిరస్కరించినట్టు భావించి మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు చేసుకోవచ్చు. ఇది డీమ్డ్ రిఫ్యూజల్. మొదటిది పౌరుడికి అనుకూలం, రెండోది ప్రతికూలం, కాని రెండింటిలోనూ మౌనానికి ఒక చివర ఉంది. పోడు రైతు దరఖాస్తు మీద మౌనానికి మాత్రం ఏ అర్థమూ నిర్ణయించలేదు. పెట్టుబడిదారుకు ఆలస్యమే అనుమతిగా మారే రాష్ట్రంలో గిరిజన రైతుకు ఆలస్యం కనీసం అప్పీలు చేసుకోదగిన తిరస్కారంగానైనా మారకపోవడం అన్యాయం.

డబ్బుకు సంబంధించిన ఆలస్యాల్లో చట్టం కొంత మెరుగ్గా మాట్లాడింది. అరియర్స్ అంటే వెనుకబడిపోయిన చెల్లింపు. బకాయి అన్న పాత మాట దానికి చక్కగా సరిపోతుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం మస్టర్ ముగిసిన 15 రోజుల్లో కూలి చెల్లించాలని, 16వ రోజు నుంచి బకాయి మీద రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని చెప్పింది. 300 రూపాయల కూలికి అది రోజుకు 15 పైసలు. మొత్తం చిన్నదే అయినా ఆలస్యం ఒక తప్పని, దానికి బాధ్యుడు ప్రభుత్వమేనని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ల్యాప్స్ అనే మాటను తెలుగు పత్రికలు ‘నిధులు మురిగిపోవడం’ అని అద్భుతంగా తెలుగు చేశాయి; గిరిజనుల కోసం కేటాయించిన డబ్బు మార్చి 31తో అలా మురిగిపోకుండా, ఖర్చు కానిదాన్ని మరుసటి ఏడాదికి తీసుకుపోవాలని 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం నిర్దేశించింది. పొయ్యిలో వెనుక వైపు పెట్టే పెద్ద మొద్దుకు పేరైన బ్యాక్‌లాగ్, భర్తీ కాకుండా పేరుకుపోయిన రిజర్వుడు ఉద్యోగాలకు పేరైంది.

సెట్‌బ్యాక్‌కు పత్రికలు వాడే ‘ఎదురుదెబ్బ’ గురించి ఒక్క మాట చెప్పాలి. ముందుకు సాగుతున్నది కొంత వెనక్కి తగ్గి మళ్లీ సాగే అవకాశం ఉన్నప్పుడే ఇంగ్లిష్‌లో ఆ మాట నప్పుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 సంవత్సరం నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసినప్పుడు చాలా శీర్షికల్లో ఇదే మాట కనిపించింది. జైనూర్ గూడెంలో టీచర్ శిక్షణ ముగించుకుని ఆ పోస్టు మీదనే ఆశ పెట్టుకున్న యువతీయువకులకు అది తాత్కాలికంగా తగ్గడం కాదు, ఒక దారి పూర్తిగా మూసుకుపోవడం. పెద్ద నష్టానికి చిన్న మాట వాడితే దాని తీవ్రత చదివేవారికి అందదు.

చేసినవాడిని చూపే మాటలు

హర్డిల్, హిచ్, స్నాగ్, గ్లిచ్ అన్నవి ఇంకో రకం. హర్డిల్ మొదట కొమ్మలతో అల్లిన తడిక, స్నాగ్ నదిలో పడవకు తగులుకునే మొద్దు. ఇవన్నీ దారిలో ఉన్న వస్తువులు. ఎవరో పెట్టారన్న సూచన వాటిలో ఉండదు. గ్లిచ్ 1960లలో అమెరికా అంతరిక్ష ప్రయోగాల ద్వారా ప్రచారమై, ఇప్పుడు ‘సాంకేతిక లోపం’ పేరుతో మీసేవ కేంద్రం దాకా వచ్చింది. తెలుగుకు ఇక్కడ గొప్ప బలం ఉంది. తాత్సారం, కాలయాపన, నాన్చుడు, సాగదీత, మీనమేషాలు లెక్కించడం అన్న ప్రతి మాటలోనూ ఆ పని చేసే మనిషి కనిపిస్తాడు. జాప్యం కూడా ‘చేశారు’ అన్నప్పుడు మనిషిని చూపుతుంది, ‘జరిగింది’ అన్నప్పుడు దాచేస్తుంది. ఇంగ్లిష్ నివేదికల ఒరవడిలో పడి మన అధికారిక ప్రకటనలూ, వాటిని అనుసరించి పత్రికలూ ‘జాప్యం జరిగింది’ అని రాయడం అలవాటు చేసుకోవడం విచారకరం. పత్రికలైనా ముందుగా దీన్ని మానుకోవాలి.

కార్యాలయాలు చేయవలసినది అంతకన్నా పెద్దదేమీ కాదు. తమ నిర్ణయాలకు కారణాలను బాధితులకు చెప్పాలని, సమాచారాన్ని స్థానిక భాషలో అందించాలని సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ 2005లోనే నిర్దేశించింది. దరఖాస్తు ఏ స్థాయిలో ఆగింది, ఎవరి దగ్గర ఆగింది, ఏ తేదీ నుంచి ఆగింది, పరిశీలనలో ఉందా, తిప్పి పంపారా, తిరస్కరించారా, తిరస్కరిస్తే అప్పీలు ఎవరికి చేసుకోవాలి అన్నవి ఒక చిన్న చీటీలో సరిపోయే వివరాలు. జైనూర్ మండల కార్యాలయం నుంచి ఉట్నూరు ఐటీడీఏ దాకా, ఆసిఫాబాద్ కలెక్టరేట్ దాకా ప్రతి దరఖాస్తుకూ అలాంటి చీటీని తెలుగులో రాసి ఇచ్చే ఏర్పాటును, గోండి, కొలామి తెలిసిన ఉద్యోగి చేత చదివి వినిపించే ఏర్పాటును గిరిజన సంక్షేమ శాఖ, రెవెన్యూ శాఖ, అటవీ శాఖ కలిసి వెంటనే చేయాలి. అది జరిగేదాకా ‘పెండింగ్’ అన్న జవాబు విన్న ప్రతి దరఖాస్తుదారూ, వారికి తోడుగా వెళ్లే చదువుకున్న ప్రతి యువకుడూ, యువతీ ఈ వివరాలనే కాగితం మీద రాసి అడగాలి, అడిగినట్టు రసీదు తీసుకోవాలి.